తారీఖుల చీటీ

గుంతకల్లులో సముద్రం లేదు.
ఉన్నదల్లా స్టేషను, తలా ఒక దిక్కుకు చీలిపోయే పట్టాలు,
పాత బస్టాండు సందులో మా నెట్టికంటి బుక్ సెంటరు.
రోజుకు పది పైసలు. అట్ట చిరిగితే రూపాయి.

మొదటి నవల రాసేనాటికి
వన్నూరప్ప చూసిన అతి పెద్ద నీళ్ళు
తుంగభద్ర కాలువ.
పార్సిల్ ఆఫీసులో మూటలు లెక్కబెట్టే గుమాస్తా.
గోవా నుంచి దిగిన చేపల బుట్టల కింద
కారిన ఐసు నీళ్ళ వాసన పీల్చి
రాత్రికి రాత్రే తుపాను లేపినాడు.
మూడు తెరచాపలు, ఒక ద్వీపం,
చుక్కాని పట్టిన ఆడమనిషి.

వారపత్రికలో సీరియల్‌గా వచ్చినన్నాళ్ళూ
శుక్రవారం మెయిల్లో దిగే కట్టకోసం
జనం ప్లాట్‌ఫారం మీదికే వచ్చేవాళ్ళు.
పుస్తకమైనాక ఆరు కాపీలు తెప్పించినాడు నాన్న.
ఒక్కటీ అరలో నిలిచింది లేదు.
లోకో షెడ్డు ఫిట్టర్ల పెళ్ళాలు చీటీలేసుకుని చదివినారు.
ఒకామె కూతురికి ఆ చుక్కాని మనిషి పేరే పెట్టుకుంది:
సాగరిక.
ఉపాధి హామీ కార్డులో ఉందిప్పుడు ఆ పేరు.

"రాసిందాన్ని ఒకసారి సూసొస్తా" అని
బొంబాయి మెయిలెక్కినాడు వన్నూరప్ప.
ఏడేండ్లు.
సరుకు ఓడలో ఆయిల్‌మాన్,
పగలేదో రేయేదో తెలీని ఇంజను గది.
నాన్నకు రెండే ఉత్తరాలు.
ఒకదాంట్లో, "నీళ్ళకు సొంత రంగు లేదు శీనప్పా,
ఆకాశం ఎట్లుంటే అట్లుంటాది."
రెండోదాంట్లో అంతా జొన్నరొట్టె గురించే.

తిరిగొచ్చి రాసిన పుస్తకంలో తుపాను లేదు.
తుప్పు గీకడం ఉంది.
రేవు బయట ఇరవైమూడు దినాలు లంగరేసుకుని
ఓడ ఊరికే నిలబడడం ఉంది.
వంటవాడు ఉల్లిగడ్డలు లెక్కబెడతాడు,
మరుసటి దినం మళ్ళీ లెక్కబెడతాడు.
ఎవరూ చావరు. ఎవరూ ఎవర్నీ ప్రేమించరు.

పొద్దున పోయిన పుస్తకం మాపటికి వాపసొచ్చేది.
"ఈయప్ప సముద్రానికి పోకుండా ఉండాల్సింది"
అనింది కమలాక్షమ్మ టీచరు,
"పోకముందే బాగా తెలుసు ఆయనకు."
ఇంటింటికీ టీవీలొచ్చినాక
ఆ ఆరు కాపీలూ శనక్కాయల బండికి తూకానికి పోయినాయి.
ద్వీపం పొట్లాలైంది. ఉప్పు మాత్రం
అప్పుడు తగిలింది దానికి.

ఆయన నెలకొకసారి వచ్చేవాడు.
ఏమీ అడగడు.
రెండో పుస్తకం తీసి, వెనకట్ట లోపల అంటించిన
తారీఖుల చీటీ చూసి, పెట్టేసి పోయేవాడు.
మూడు ముద్రలు. మరుసటి నెలా మూడే.
నాకు పదహారేండ్లు. చూడలేకపోయినా.
రబ్బరు ముద్ర చక్రాలు తిప్పి తిప్పి
అయిదు తారీఖులు వంకరటింకరగా కొట్టినా.

వచ్చినాడు. వేలు ఒక్కో ముద్ర మీదా ఆగింది.
"ఇది పీర్లు మునిగిన దినం కదప్పా.
ఆ పొద్దు ఊర్లో ఒక్క అంగడి తెరవలే."
గొంతులో కోపం లేదు. అదే కష్టమనిపించింది.
"పైన మూడూ ఎవరివి?"
ఖాతా పుస్తకం తీసినా.
మూడుసార్లూ ఒకటే పేరు:
సుంకన్న, నంచెర్ల దారిలో గేట్‌మాన్.

నాన్న సైకిలు తొక్కుకుంటూ పోయినాడు,
నేను వెనక క్యారియరు మీద.
తానెవరో ఆయన చెప్పలే,
సుంకన్న అడగలే.
గూడ్సు పోయింది. గేటు లేచింది.
ఒక ఎద్దుల బండి, రెండు మేకలు దాటినాయి.
"ఇంక మూడు గంటలు ఏదీ రాదు, కూసో" అన్నాడు సుంకన్న,
గోనెపట్ట దులిపేసి.

వన్నూరప్ప కూచున్నాడు.
మోకాళ్ళు చుట్టుకుని, దేనికోసమూ చూడకుండా,
ఎండకు అలలెత్తే పట్టాలకేసి.
ఇరవైమూడు దినాలు ఎట్లా కూచున్నాడో
అప్పుడు తెలిసింది నాకు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది,
నా అయిదు దొంగ తారీఖులతో సహా.
నలభయ్యో పేజీ దాటలేదు నేను.